కరెంటు పోయొచ్చినప్పుడల్లా డీ డ్రైవ్ చెకింగ్: మార్చాల్సింది ఏ సెట్టింగ్, ముట్టుకోకూడనిది ఏది

ఒక మండల కేంద్రంలో ఎరువులు, పురుగుమందుల దుకాణం. బిల్లింగ్‌కి ఒకే డెస్క్‌టాప్ ఉంది. విండోస్ 10, సీ డ్రైవ్‌గా 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, డీ డ్రైవ్‌గా 1 టీబీ హార్డ్ డిస్క్. టాలీ డేటా, స్కాన్ చేసిన ఇన్‌వాయిస్‌లు, కంపెనీల రేట్ల పట్టీలు అన్నీ డీలోనే. కరెంటు పోయి వచ్చాక సిస్టమ్ ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద డిస్క్ చెకింగ్ మొదలవుతోంది. వదిలేస్తే అరగంట పడుతోంది. ఖరీఫ్ సీజన్‌లో కౌంటర్ ముందు రైతులు నిలబడి ఉంటే అరగంట ఆగడం కుదరదు కాబట్టి కుర్రాళ్లు ఏదో ఒక కీ నొక్కి దాటేస్తున్నారు. యజమాని అడిగింది ఒక్కటే: "కరెంటు పోయినప్పుడల్లా ఇదొక గోలండీ, అసలు రాకుండా తీసేయండి."

తీసేయడం నిమిషం పని. ఒక్క కమాండ్‌తో డీ డ్రైవ్ చెకింగ్ ఆగిపోతుంది. కానీ ఆ కమాండ్ ఇచ్చాక డిస్క్‌లో ఉన్న లోపం అలాగే ఉంటుంది, కనబడటం మాత్రం మానేస్తుంది. అందుకే ఈ కేసులో సెట్టింగ్‌ను చివరికి వదిలి, చెకింగ్ ఎందుకు వస్తోందన్న ప్రశ్నను ముందు పట్టుకున్నాం.

కమాండ్ల గురించి ఒక మాట. ఇక్కడ అన్నీ తెలుగు లిపిలోనే ఉంటాయి. చెక్‌డిస్క్ అన్నచోట సీ, హెచ్, కే, డీ, ఎస్, కే అక్షరాలు, చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ అన్నచోట సీ, హెచ్, కే తర్వాత ఎన్, టీ, ఎఫ్, ఎస్ టైపు చేయాలి. విండోస్ కమాండ్లన్నీ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఇవ్వాలి.

చెకింగ్‌ను పిలిచేది ఎవరు

విండోస్ మొదలయ్యేటప్పుడు, లాగిన్ స్క్రీన్ రాకముందే, సెషన్ మేనేజర్ అనే భాగం రిజిస్ట్రీలోని, అంటే విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోటిలోని, బూట్‌ఎగ్జిక్యూట్ అనే వాల్యూ చదువుతుంది. అందులో మామూలుగా «ఆటోచెక్ ఆటోచ్క్ *» అని ఉంటుంది. ఆ నక్షత్రానికి అర్థం అన్ని డ్రైవ్‌లనూ చూడమని. అంటే ప్రతి డ్రైవ్‌నూ పూర్తిగా తనిఖీ చేయమని కాదు. ప్రతి డ్రైవ్ మీద డర్టీ బిట్ అనే చిన్న గుర్తు పడి ఉందో లేదో చూసి, గుర్తు ఉన్నవాటినే తనిఖీ చేయమని. గుర్తు లేని డ్రైవ్‌ను అది క్షణంలో దాటేస్తుంది. కాబట్టి చెకింగ్ పదే పదే వస్తోందంటే ఆ గుర్తు పోకుండా మిగిలిపోతోందని, లేదా దాన్ని ఏదో పదే పదే వేస్తోందని అర్థం.

ఆ గుర్తు ఎప్పుడు పడుతుందన్నది ఫైల్ సిస్టమ్‌ను, అంటే డ్రైవ్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతిని, బట్టి ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌ల మీద రాత జరుగుతుండగా కరెంటు పోతే డర్టీ బిట్ పడి ఉండిపోవడం సహజం. ఎన్‌టీఎఫ్‌ఎస్ అలా కాదు. అది ప్రతి మార్పునూ ముందు తన లాగ్‌లో రాసుకుంటుంది. కరెంటు పోయి వచ్చాక ఆ లాగ్ చూసుకుని సగంలో ఆగిన పనిని సర్దుకుంటుంది. ఇదంతా సెకన్లలో, తెర మీద ఏమీ కనబడకుండా జరిగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన నిర్మాణంలోనే తేడాను చూసినప్పుడు డర్టీ బిట్ వేస్తుంది. ఈ దుకాణంలో డీ డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్. అందుకే "కరెంటు పోతోంది కాబట్టి చెకింగ్ వస్తోంది" అన్న మాట మొదటి నుంచీ నమ్మదగ్గదిగా అనిపించలేదు.

ఒక మినహాయింపు ఉంది, దాన్ని ముందే చూసి పక్కన పెట్టాలి. డివైస్ మేనేజర్‌లో డిస్క్ డ్రైవ్స్ కింద ఆ హార్డ్ డిస్క్ ప్రాపర్టీస్ తెరిచి పాలసీస్ ట్యాబ్‌కు వెళ్తే రెండు టిక్ పెట్టెలు కనబడతాయి. మొదటిది రైట్ క్యాషింగ్, అది ఆన్‌లో ఉన్నా ఫర్వాలేదు. రెండోది బఫర్ ఫ్లషింగ్‌ను ఆపేసేది. స్పీడు పెరుగుతుందని ఎవరైనా దాన్ని టిక్ చేసి ఉంటే, లాగ్ డిస్క్ మీదికి చేరిందని విండోస్ అనుకుంటుంది కానీ అది ఇంకా డిస్క్ క్యాష్‌లోనే ఉంటుంది. అప్పుడు కరెంటు పోతే ఎన్‌టీఎఫ్‌ఎస్ కూడా నిజంగానే చెడుతుంది. యూపీఎస్ లేని చోట ఆ టిక్ ఉండనే కూడదు. ఈ సిస్టమ్‌లో రెండో పెట్టె ఖాళీగానే ఉంది. కాబట్టి కరెంటు మీద నేరం మోపడానికి ఆ దారి కూడా మూసుకుపోయింది.

మరి కరెంటు పోయినప్పుడే ఎందుకు వస్తోంది?

కేసు మొత్తానికి కీలకం ఈ ప్రశ్నే. సాయంత్రం మామూలుగా షట్‌డౌన్ చేసి పొద్దున్న ఆన్ చేస్తే చెకింగ్ రావడం లేదు. కరెంటు పోయి వస్తేనే వస్తోంది. ఎవరు చూసినా తప్పు కరెంటుదే అనుకుంటారు.

జవాబు ఫాస్ట్ స్టార్టప్‌లో దొరికింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ పూర్తిగా ఆగదు. కెర్నల్ (విండోస్ మూల భాగం) ఉన్న స్థితిని హైబర్నేషన్ ఫైల్‌లో దాచుకుని, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. అలా లేచినప్పుడు సెషన్ మేనేజర్ కొత్తగా మొదలవ్వదు, బూట్‌ఎగ్జిక్యూట్ చదవదు, డర్టీ బిట్ ఉన్నా పట్టించుకోదు. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు మాత్రం దాచుకున్న స్థితి ఏమీ ఉండదు కాబట్టి విండోస్ మొదటి నుంచి బూట్ అవుతుంది, డర్టీ బిట్ కనబడుతుంది, చెకింగ్ మొదలవుతుంది. అంటే గుర్తు ఎప్పుడో పడి ఉంది. కరెంటు పోవడం దాన్ని బయటపెట్టింది, అంతే.

ఇది ఊహ కాదని రుజువు చేసుకోవడానికి, సిస్టమ్‌లో జరిగినవన్నీ విండోస్ రాసి ఉంచే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి, కెర్నల్-బూట్ సోర్స్ కింద ఈవెంట్ 27 చూడాలి. అందులో బూట్ టైప్ ఉంటుంది. 0ఎక్స్0 అంటే పూర్తి బూట్, 0ఎక్స్1 అంటే ఫాస్ట్ స్టార్టప్, 0ఎక్స్2 అంటే హైబర్నేషన్ నుంచి లేవడం. ఈ సిస్టమ్‌లో మామూలు రోజులన్నిటికీ 0ఎక్స్1 ఉంది. చెకింగ్ వచ్చిన రోజులకు 0ఎక్స్0 ఉంది, దాని పక్కనే కెర్నల్-పవర్ ఈవెంట్ 41 కూడా ఉంది. స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ ఇచ్చినా పూర్తి బూట్ జరుగుతుంది. ఆ దుకాణంలో రీస్టార్ట్ ఇచ్చే అలవాటే లేదు కాబట్టి ఈ తేడా ఎవరి కంటా పడలేదు.

లాగ్‌లో అసలు దోషి

గుర్తు వేస్తున్నదెవరో అదే లాగ్‌లో తేలుతుంది. వరుసగా చూడాల్సినవి ఇవి. ఎన్‌టీఎఫ్‌ఎస్ సోర్స్ ఈవెంట్ 55 అంటే ఫైల్ సిస్టమ్ నిర్మాణంలో తేడా కనబడింది, డర్టీ బిట్ పడే క్షణం సాధారణంగా అదే. డిస్క్ సోర్స్ ఈవెంట్ 7 అంటే బ్యాడ్ బ్లాక్. ఈవెంట్ 153 అంటే ఒక రీడ్ లేదా రైట్ మొదటిసారి విఫలమై మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చింది. స్టోర్ ఏహెచ్‌సీఐ సోర్స్ ఈవెంట్ 129 అంటే డిస్క్ జవాబివ్వకపోతే కంట్రోలర్ దాన్ని రీసెట్ చేసింది.

ఇక్కడ 55 ముందు ప్రతిసారీ 129, 153 ఉన్నాయి. ఈవెంట్ 7 ఒక్కటీ లేదు. సమయాలు కూడా దుకాణం నడిచే వేళలవి, కరెంటు పోయిన వేళలవి కావు. 153లో డిస్క్ 1 అని ఉంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్క్ 0 ఎస్‌ఎస్‌డీ, డిస్క్ 1 హార్డ్ డిస్క్ అని సరిచూసుకున్నాకే ముందుకెళ్లాం. ఈ నంబర్లు మదర్‌బోర్డ్ పోర్టును బట్టి మారతాయి. ఏ నంబరు ఏ డిస్క్‌దో చూసుకోకుండా మొదలుపెడితే బాగున్న డిస్క్‌ను విప్పి కూర్చోవాల్సి వస్తుంది.

తర్వాత స్మార్ట్ రీడింగ్, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఉంచుకునే లెక్కలు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో నాలుగు వరుసలు చాలు. 05 అంటే మార్చేసిన సెక్టార్లు (డేటా రాసే చిన్న గడులు). సీ5 అంటే అనుమానంలో ఉన్న సెక్టార్లు. సీ6 అంటే చదవలేకపోయిన సెక్టార్లు. సీ7 అంటే డిస్క్‌కీ కంట్రోలర్‌కీ మధ్య దారిలో చెడిపోయిన డేటా లెక్క, సీఆర్‌సీ ఎర్రర్లు. మిగతా టూల్స్‌లో ఇవే 5, 197, 198, 199 నంబర్లతో కనబడతాయి. ఈ ప్రోగ్రామ్ రా వాల్యూలను మామూలుగా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుందన్నది గుర్తుంచుకోవాలి. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్ కింద దాన్ని పదుల లెక్కకు మార్చుకోవచ్చు. ఈ డిస్క్‌లో 05, సీ5, సీ6 మూడూ సున్నా. సీ7 మాత్రం 1బీ4, అంటే 436.

డేటా నిలిచే పళ్లెం బాగుంది, డేటా నడిచే దారి బాగాలేదు. అయితే 436 పాత లెక్క కావచ్చు, ఎందుకంటే ఈ అంకె ఒకసారి పెరిగితే తగ్గదు. ఇప్పుడు పెరుగుతోందా అన్నదే ముఖ్యం. డీ నుంచి 4 జీబీ దాకా ఉన్న స్కాన్ ఫోల్డర్ ఒకటి సీ డ్రైవ్‌కు కాపీ చేసి మళ్లీ చూస్తే 1బీ9 అయింది. ఐదు పెరిగాయి, అంటే తప్పు ఈ క్షణంలో కూడా జరుగుతోంది.

క్యాబినెట్ విప్పాక

సైడ్ ప్యానెల్ తీయగానే, డిస్క్‌ను మదర్‌బోర్డ్‌కు కలిపే సాటా కేబుల్ కనబడింది. డిస్క్ వైపు ప్లగ్‌కు ఉండాల్సిన చిన్న లోహపు క్లిప్ విరిగిపోయింది. కేబుల్‌ను ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) వైర్లతో కలిపి టై వేసి బిగించారు. ఆ లాగుడుకు ప్లగ్ ఒక పక్కకు వాలి, ఆ పక్కన కనెక్టర్ అంచుకూ ప్లగ్‌కూ మధ్య గోరు దూరేంత సందు ఉంది. ఫ్యాన్ తిరిగే అదురుకు అది కదులుతూ ఉంటుంది. దానికి తోడు ఎరువుల దుకాణం ధూళి. యూరియా, డీఏపీ పొడి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. ఆ తడి పొర కనెక్టర్ల మీద పేరుకుంటుంది. ప్లగ్ లోపల తెల్లటి పొడి కంటికే కనబడింది.

కేబుల్ మార్చే ముందు ఒక నిర్ణయం ఉంటుంది. సీ5, సీ6 సున్నా కాకపోయి ఉంటే, సిస్టమ్ ఆపకుండా ముందు డేటా కాపీ చేసుకోవాలి. పళ్లెం చెడుతున్న డిస్క్‌ను ఒకసారి ఆపితే మళ్లీ లేస్తుందన్న భరోసా లేదు. ఇక్కడ అవి సున్నా కాబట్టి ఆపి కేబుల్ మార్చడమే సరైన వరుస. దారి బాగైతే కాపీ కూడా నమ్మకంగా జరుగుతుంది. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే ఫాస్ట్ స్టార్టప్ లేకుండా పూర్తిగా ఆగుతుంది. ఆగాక ప్లగ్ పీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కనెక్టర్ తుడిచి, ఆరాక క్లిప్ ఉన్న కొత్త కేబుల్‌ను మదర్‌బోర్డ్‌పై ఇంకో పోర్టుకు పెట్టాం. డేటా కేబుల్‌ను పవర్ వైర్లతో కలిపి కట్టలేదు. ప్యానెల్ మూసినప్పుడు ప్లగ్‌కు తగలకుండా వంపు వదులుగా ఉంచాం. సాటా పవర్ కనెక్టర్ కూడా గట్టిగా ఉందో లేదో చూడాలి. మోలెక్స్ (పాత తరహా పవర్ ప్లగ్) నుంచి సాటాకు మార్చే చవక అడాప్టర్ ఉంటే తీసేయడం మంచిది, అది వదులైనా ఇదే లక్షణాలు వస్తాయి.

మళ్లీ అదే 4 జీబీ ఫోల్డర్ కాపీ. సీ7 1బీ9 దగ్గరే ఆగింది. పెద్ద కాపీ తర్వాత కూడా అదే అంకె.

ముందు కాపీ, తర్వాతే రిపేర్

చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ను సరిగ్గా నిలబెట్టడం, మీ ఫైళ్లను కాపాడటం కాదు. ఒక రికార్డు చెడితే దాన్ని తీసేసి అయినా నిర్మాణాన్ని సరిచేస్తుంది. అందుకే రిపేర్ ముందు కాపీ తప్పనిసరి. యూఎస్‌బీ డిస్క్ ఎఫ్ డ్రైవ్‌గా పెట్టి, విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ అనే కాపీ టూల్‌తో ఇచ్చిన కమాండ్:

రోబోకాపీ డీ:\ ఎఫ్:\డీకాపీ /ఈ /కాపీ:డీఏటీ /ఆర్:1 /డబ్ల్యూ:1 /ఎక్స్‌జే /ఏ-:ఎస్‌హెచ్ /లాగ్:ఎఫ్:\కాపీలాగ్.టీఎక్స్‌టీ

ఇందులో రెండు స్విచ్‌లు (గీతతో మొదలయ్యే అదనపు సూచనలు) వదలకూడదు. /ఆర్ ఇవ్వకపోతే రోబోకాపీ ఒక ఫైల్‌ను 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. /డబ్ల్యూ ఇవ్వకపోతే ఒక్కో ప్రయత్నానికి మధ్య 30 సెకన్లు ఆగుతుంది. ఒక్క చెడిన ఫైల్ దగ్గర కాపీ శాశ్వతంగా ఇరుక్కుపోతుంది. ఇక డ్రైవ్ రూట్ నుంచి కాపీ చేసినప్పుడు గమ్యం ఫోల్డర్‌కు హిడెన్, సిస్టమ్ గుర్తులు అంటుకుని ఫోల్డర్ మాయమైనట్టు కనబడుతుంది. /ఏ-:ఎస్‌హెచ్ దాన్ని ఆపుతుంది. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డర్ దగ్గర యాక్సెస్ లేదని లాగ్‌లో ఉంటే దిగులు పడక్కర్లేదు. మిగతా విఫలమైన ఫైళ్ల జాబితా మాత్రం యజమానికి చూపించాలి.

రిపేర్‌కు రీబూట్ అక్కర్లేదు. చాలామంది అక్కడ అనవసరంగా బూట్ చెకింగ్ పెట్టి అరగంట నల్ల తెర ముందు కూర్చుంటారు. విండోస్ ఉన్నది సీలో, డీని నడుస్తుండగానే విడదీయవచ్చు. టాలీ మూసేసి, డీలో తెరిచిన ఫోల్డర్లన్నీ మూసేసి:

చెక్‌డిస్క్ డీ: /ఎఫ్

వాల్యూమ్ వాడుకలో ఉంది, బలవంతంగా విడదీయమంటారా అని అడిగితే వై నొక్కవచ్చు. అన్నీ మూసి ఉంచితేనే. తెరిచి ఉన్న ఫైల్‌లో రాత సగంలో ఉంటే అది పోతుంది. మూడు దశలు నడుస్తాయి: ఫైల్ రికార్డులు, ఫోల్డర్ ఇండెక్స్‌లు, సెక్యూరిటీ వివరాలు. ఎంతసేపు పడుతుందన్నది డిస్క్ సైజును బట్టి కాదు, ఫైళ్ల సంఖ్యను బట్టి. ఈ దుకాణంలో స్కాన్ చేసిన చిన్న చిన్న ఫైళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టే అరగంట.

/ఆర్ స్విచ్ ఇవ్వలేదు. అది ఖాళీ జాగాతో సహా ప్రతి సెక్టార్ చదువుతుంది. 1 టీబీ డిస్క్ సెకనుకు సగటున 120 ఎంబీ చదివితే రెండు గంటల ఇరవై నిమిషాలు. సీ5, సీ6 సున్నా ఉన్న డిస్క్‌కు దాని వల్ల ఒరిగేది లేదు. సీ5 సున్నా కాని డిస్క్‌కు అది ప్రమాదం కూడా, ఎందుకంటే కొన ఊపిరితో ఉన్న డిస్క్‌తో గంటల తరబడి బలవంతంగా పని చేయించినట్టే.

రిపేర్‌లో కొన్ని తల్లి ఫోల్డర్ లేని ఫైళ్లు దొరికి, ఫౌండ్.000 అనే హిడెన్ ఫోల్డర్‌లో చేరాయి. అవి పేర్లు పోయి ఫైల్0000.సీహెచ్‌కే తరహాలో ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ మార్చి తెరిస్తే స్కాన్ చేసిన ఇన్‌వాయిస్‌లు కొన్ని బయటపడ్డాయి. టాలీ డేటాను ఫైల్ సిస్టమ్ బాగుందన్నంత మాత్రాన నమ్మకూడదు. కంపెనీ డేటా బ్యాకప్ తీసుకుని, టాలీలోనే ఉన్న రిపేర్ నడిపి, నిన్నటి క్లోజింగ్ స్టాక్, క్యాష్ నిల్వ పుస్తకంతో సరిచూశాకే బిల్లింగ్ మొదలుపెట్టించాం.

ఆ తర్వాత:

ఎఫ్‌ఎస్‌యుటిల్ డర్టీ క్వెరీ డీ:

డర్టీ కాదని జవాబు. ఈ టూల్‌తో గుర్తు చూడొచ్చు, వేయొచ్చు. తీయడానికి మాత్రం కుదరదు, చెక్‌డిస్క్ విజయవంతంగా పూర్తయితేనే అది పోతుంది.

ఇప్పుడు సెట్టింగ్‌లు

చెకింగ్‌ను తాకే సెట్టింగ్‌లన్నీ చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ చేతిలో ఉన్నాయి. పేరులో ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉన్నా ఫ్యాట్ డ్రైవ్‌లకూ పనిచేస్తుంది.

యజమాని అడిగింది /ఎక్స్. «చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ /ఎక్స్ డీ:» ఇస్తే బూట్‌ఎగ్జిక్యూట్‌లో నక్షత్రం ముందు /కే:డీ చేరుతుంది, బూట్ సమయంలో డీని వదిలేస్తుంది. డర్టీ బిట్‌ను అది తీయదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ స్విచ్ పాతదానికి కలపదు. నిన్న డీకి ఇచ్చి ఇవాళ ఈకి ఇస్తే డీ జాబితా నుంచి పోతుంది. రెండూ కావాలంటే «/ఎక్స్ డీ: ఈ:» అని ఒకేసారి ఇవ్వాలి. /సీ స్విచ్ మాత్రం కలుపుకుంటూ పోతుంది. అది డర్టీగా ఉంటేనే తర్వాతి బూట్‌లో తనిఖీ చేయమని పెట్టేది. కింద చెప్పే /టీ గడువు తప్ప మిగతావన్నీ తుడిచేసి మొదటి స్థితికి రావాలంటే «చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ /డీ».

ఇక్కడ /ఎక్స్ ఇవ్వలేదు, కారణం యజమానికి విడమరిచి చెప్పాం. లెక్కల పుస్తకం ఉన్న డ్రైవ్‌కు అది ఎప్పుడూ ఇవ్వకూడదన్నది మా గట్టి అభిప్రాయం. ఎప్పుడూ తగిలించి ఉండే ఎక్స్‌ఫ్యాట్ యూఎస్‌బీ డిస్క్ లాంటివాటికైతే, అవి రాత మధ్యలో కరెంటు పోతే డర్టీ అవుతాయి కాబట్టి, ఇవ్వడంలో అర్థముంది.

మార్చింది /టీ. తనిఖీ మొదలయ్యే ముందు కీ నొక్కి ఆపడానికి ఇచ్చే గడువు అది. విండోస్ 10లో 8 సెకన్లు. ఉత్త «చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ /టీ» ఇస్తే ఇప్పుడెంత ఉందో చెబుతుంది. ఈ దుకాణం మానిటర్ పాతది. తెర వెలిగేసరికే సగం గడువు అయిపోతోంది. చూడకుండానే కీలు నొక్కే అలవాటు కుర్రాళ్లకు వచ్చింది అందుకే. కాబట్టి:

చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ /టీ:20

సున్నా పెడితే ఆపే అవకాశమే ఉండదు. డిస్క్ నిజంగా చెడే రోజు వస్తే, తనిఖీ ఆపి ముందు కాపీ చేసుకోవాల్సింది ఆ రోజే. గరిష్ఠం 2,59,200 సెకన్లు, అంటే మూడు రోజులు. ఎవరైనా పొరపాటున పెద్ద అంకె ఇస్తే కరెంటు వచ్చాక సిస్టమ్ తెర మీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది.

ఫాస్ట్ స్టార్టప్ తీసేశాం. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీ, పైన అందుబాటులో లేని సెట్టింగ్‌లు మార్చే లింక్, కింద ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీయడం. ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ ఉన్నప్పుడు దీనివల్ల పోయేది కొద్ది సెకన్లే. ప్రతి ఉదయం పూర్తి బూట్ జరుగుతుంది కాబట్టి డర్టీ బిట్ పడితే మర్నాడే తెలుస్తుంది, రోజుల తరబడి దాగి ఉండదు.

బూట్‌ఎగ్జిక్యూట్‌ను చేత్తో మార్చే అవసరం రాలేదు. కానీ వేరేచోట ఎవరో దాన్ని ఖాళీ చేసి వదిలేసిన సిస్టమ్‌లు ఎదురవుతుంటాయి, అందుకే చోటు చెబుతున్నాం. రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, సెషన్ మేనేజర్. మల్టీ స్ట్రింగ్ వాల్యూ. మొదటి మాటలో చెక్ పూర్తి స్పెల్లింగ్, రెండో మాట చివర సీ, హెచ్, కే మాత్రమే, తర్వాత ఖాళీ, నక్షత్రం. రెండు మాటలూ ఒకేలా టైపు చేస్తే తనిఖీ నడవదు. చేత్తో రాసే బదులు «చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ /డీ» ఇవ్వడమే క్షేమం.

రీస్టార్ట్ చేసి, ఈవెంట్ 27లో 0ఎక్స్0 వచ్చిందని, చెకింగ్ రాలేదని చూశాం. ఎప్పుడైనా వస్తే దాని ఫలితం అప్లికేషన్ లాగ్‌లో విన్‌ఇనిట్ సోర్స్, ఈవెంట్ 1001 కింద దొరుకుతుంది. తెర మీద పరుగెత్తిన అక్షరాలన్నీ అక్కడ నిలిచి ఉంటాయి.

వెనక గదిలోని ఉబుంటు

అదే దుకాణంలో బ్యాకప్‌కి ఒక పాత సిస్టమ్ ఉబుంటు లైనక్స్‌తో నడుస్తోంది. అక్కడ సమస్య తలకిందులుగా ఉంది. ఎప్పుడూ చెకింగే రాలేదు. ఫైల్ సిస్టమ్ సెట్టింగ్‌లు చూపే ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎల్ ఇచ్చి చూస్తే మాగ్జిమమ్ మౌంట్ కౌంట్ -1, చెక్ ఇంటర్వెల్ 0. అంటే ఎన్నిసార్లు మౌంట్ చేసినా (వాడకానికి తగిలించినా), ఎన్ని నెలలైనా తనంతట తాను తనిఖీ చేయదు. ఇది లోపం కాదు. ఆ టూల్ ఉండే ఈ2ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్ ప్యాకేజీ 1.42 వెర్షన్ నుంచి కొత్త ఫైల్ సిస్టమ్‌లకు మామూలు స్థితే ఇది. ఎన్‌టీఎఫ్‌ఎస్ లాగ్ లాంటి జర్నల్ ఉంది కాబట్టి చాలాచోట్ల సరిపోతుంది. ఏకైక బ్యాకప్ ఉన్న పాత డిస్క్‌కు మాత్రం అప్పుడప్పుడూ పూర్తి తనిఖీ మేలు.

సుడో ట్యూన్2ఎఫ్‌ఎస్ -సీ 20 -ఐ 2ఎమ్ /డెవ్/ఎస్‌డీబీ1

20 మౌంట్లు, లేదా రెండు నెలలు, ఏది ముందైతే అది. రెండు మూడు పార్టిషన్లు ఉంటే 20, 23, 27 అని వేర్వేరు అంకెలు ఇవ్వాలి, లేకపోతే అన్నిటికీ ఒకే రోజు తనిఖీ వస్తుంది.

ఇది ఇచ్చినా ఇక్కడ తనిఖీ నడిచేది కాదు, ఎందుకంటే బూట్‌లో ఏ డిస్క్‌లు మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో ఆ డిస్క్ లైన్ చివర 0 0 ఉంది. లైన్‌లో ఆరో గడి, అంటే చివరి అంకె, 0 అయితే బూట్‌లో తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే ఆ డిస్క్ వైపు చూడదు. రూట్‌కు 1, మిగతా ఎక్స్ట్4 (లైనక్స్ మామూలు ఫైల్ సిస్టమ్) డిస్క్‌లకు 2 ఉండాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డిస్క్‌లకు మాత్రం 0యే సరి. వాటికి బూట్ తనిఖీ ఏమీ చేయదు, వాటి రిపేర్ టూల్స్ వేరు. లైన్‌లో నోఫెయిల్ కూడా చేర్చాం. అది లేకపోతే ఆ డిస్క్ ఒక రోజు దొరకనప్పుడు బూట్‌ను నడిపే సిస్టమ్‌డీ 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. ఎఫ్‌స్టాబ్ మార్చిన వెంటనే «ఫైండ్‌మౌంట్ --వెరిఫై» ఇచ్చి తప్పులు లేవని చూసుకోకుండా రీబూట్ చేయవద్దు.

ఒక్కసారికి బలవంతంగా తనిఖీ కావాలంటే గ్రబ్ అనే బూట్ మెనూలో ఈ కీ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైన్ చివర ఎఫ్‌ఎస్‌సీకే.మోడ్=ఫోర్స్ అని చేర్చి ఎఫ్10 నొక్కాలి. ఆపాలంటే అదే చోట స్కిప్. ఆ బూట్‌కు మాత్రమే వర్తిస్తుంది కాబట్టి వెనక్కి మార్చే పని లేదు. పాత పద్ధతిలో రూట్‌లో ఫోర్స్‌ఎఫ్‌ఎస్‌సీకే అనే ఖాళీ ఫైల్ పెట్టడం మీద ఆధారపడకండి. రూట్ డిస్క్ ఫలితం ఉబుంటులో రన్ కింద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్‌లో ఎఫ్‌ఎస్‌సీకే.లాగ్ ఫైల్‌లో ఉంటుంది. సూపర్‌బ్లాక్‌లోని (ఫైల్ సిస్టమ్ తన వివరాలు రాసుకునే చోటు) తేదీ భవిష్యత్తులో ఉందని అందులో కనబడితే డిస్క్‌ను అనుమానించే ముందు మదర్‌బోర్డ్ మీది 2032 బటన్ సెల్ మార్చండి. గడియారం వెనక్కి పోయిందని దానర్థం.

దుకాణంలో రాసి పెట్టినవి

మానిటర్ పక్కన అతికించిన కాగితం మీద సీ7 అంకె 441 అని, తేదీతో రాశాం. నెలకోసారి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి నాలుగు అంకెలూ దాని కింద రాయాలి. 441 పెరిగితే ముందు ప్లగ్ చూడాలి. ప్లగ్ గట్టిగా ఉండి కూడా పెరుగుతుంటే కేబుల్, పోర్టు రెండూ ఇంకోసారి మార్చి చూడాలి. అప్పటికీ ఆగకపోతే డిస్క్ సర్క్యూట్ బోర్డే అనుమానం. సీ5 లేదా సీ6 సున్నా నుంచి కదిలితే ఏ చెక్‌డిస్కూ నడపకుండా, బూట్‌లో చెకింగ్ వస్తే 20 సెకన్లలో కీ నొక్కి ఆపి, రోబోకాపీతో డేటా తీసి కొత్త డిస్క్ పెట్టాలి. బిల్లింగ్ సిస్టమ్‌కు 600 వీఏ యూపీఎస్ కొనమని చెప్పాం. అది చెకింగ్ ఆపడానికి కాదు, కరెంటు పోయినప్పుడు తెరిచి ఉన్న బిల్లు సేవ్ చేసి టాలీ మూసే పది నిమిషాల కోసం. అందులోని 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంది. ప్లగ్ పీకి అది నిలుస్తోందో లేదో మూడు నెలలకోసారి చూడాలి, ఆ పరీక్ష మాత్రం టాలీ మూసి ఉన్నప్పుడే.